గంట మోగని గొర్రెల ఆట

ఉదయం పది గంటలు. ముసురు పట్టి రెండు రోజులైంది.

ఆటోలో నా పక్కన పాత కంప్యూటరు. దాని మీద పట్టా, పట్టా మీద నా గొడుగు. ఖలందర్ సార్ ఇంటి ముందు దిగేసరికి నేను తడిసి ముద్దయ్యాను. అది తడవలేదు.

ఆ ముందుగదే ఒకప్పుడు మా కంప్యూటర్ సెంటర్. ఎనిమిది యంత్రాలు, పదహారు స్టూళ్లు ఉండేవి. ఇప్పుడొక బల్ల, బల్ల మీద విప్పి పెట్టిన రేడియో. పైకప్పు కారుతున్న చోట్ల మూడు గిన్నెలు. గిన్నెల్లో నీళ్లు పడుతున్న చప్పుడు తప్ప ఇంట్లో ఇంకో చప్పుడు లేదు.

"ఎవరూ?" అన్నారు సార్, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని.

"తాయారుని సార్. తొంభై ఆరు బ్యాచి. తరవాత మీ దగ్గరే పాఠాలు చెప్పాను, తొమ్మిదేళ్లు."

"పదేళ్లు. సెలవులు తీసేసి చెప్తున్నావా?"

నవ్వు రాలేదు నాకు. ఆయనకి అర్థమైంది.

సెంటర్ మూసేశాక నేనిక్కడికి రావడం ఇదే. వాళ్లావిడ జమీలాబీగారు పోయినప్పుడు కూడా రాలేదు. పన్నెండు మైళ్లే. ఆ సంగతి ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేకపోయాను.

"ఏం మోసుకొచ్చావ్?"

"మీరిచ్చిందే సార్. సెంటర్ మూసిన రోజు."

"తిరిగిచ్చేస్తున్నావా?"

"కాదు సార్. గంట మోగట్లేదు."

ఆయన రేడియో పక్కకి జరిపారు. "కూర్చో. మొదట్నించీ చెప్పు."

మొదలంటే ఎక్కణ్నించి చెప్పాలో నాకు తెలీలేదు. ఆట దగ్గర మొదలుపెట్టాను.

అది గొర్రెల ఆట. పాతది, సీడీలో వచ్చింది. తెరంతా చీకటి. మధ్యలో ఒక కాపరి, చేతిలో లాంతరు, చుట్టూ బెత్తెడు వెలుగు. పన్నెండు గొర్రెలు కొండ మీద తప్పిపోయి ఉంటాయి. అవి కనపడవు. మెడలో గంటలు మాత్రం వినపడతాయి. ఒకటి ఎడమ నుంచి, ఒకటి కుడి నుంచి, ఒకటి ఎక్కడో దూరంగా. గంట వినపడిన వైపు లాంతరు నడిపించాలి. దగ్గరికెళ్లి ఈల వెయ్యాలి. అప్పుడు గొర్రె బయటికొస్తుంది.

గంట వినపడకపోతే అది ఆట కాదు. నల్లటి అద్దం.

"ఎవరాడతారు?" అన్నారు సార్.

"మా అమ్మాయి. సుహిత. ఇంటర్ మొదటి ఏడాది."

"ఇంటర్ పిల్ల ఇంకా గొర్రెలు కాస్తోందా?"

"చిన్నప్పుడాడేది సార్. మొన్న మళ్లీ అడిగింది." అక్కడ ఆగాను. "కాలవలో పడిన కాలేజీ బస్సులో ఉంది సార్. వచ్చేసింది."

సార్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"వచ్చేసింది," అన్నాను మళ్లీ.

పందొమ్మిది రోజులైంది ఆ మాట అనడం మొదలుపెట్టి. వచ్చిన ప్రతివాళ్లకీ అదే చెప్పాను. తన పక్క సీటులో కూర్చున్న పిల్ల సంగతి చెప్పలేదు. సార్‌కీ చెప్పకూడదనుకున్నాను. ఆ గిన్నెల చప్పుడు వింటూ ఉంటే ఎందుకో చెప్పేశాను.

బ్లెస్సీ. మా వెనకింటి పిల్ల. ఏడేళ్లప్పటి నుంచీ ఇద్దరూ ఒకే స్టూలు మీద సగం సగం కూర్చుని ఆ ఆట ఆడేవాళ్లు. ఎడమ వైపు బ్లెస్సీ, కీబోర్డు మీద లాంతరు నడిపేది. కుడివైపు మాది, మౌసు నొక్కి ఈల వేసేది. ఒకళ్లు తప్పు చేస్తే ఇంకొకళ్లు మోచేత్తో పొడిచేవాళ్లు. స్టూలు మీద నుంచి పడేవాళ్లు కూడా.

బ్లెస్సీ రాలేదు.

"ఆ రోజు నుంచీ మాది మాట్లాడదు సార్. గదిలోంచి రాదు. పళ్లెంలో రెండు ముద్దలు పెడితే ఒకటి పక్కన పెట్టేస్తుంది. నేను చెయ్యాల్సినవన్నీ చేశాను. మా ఆడపడుచు పిల్లలిద్దర్నీ తెప్పించాను. క్యారమ్ బోర్డు కొన్నాను. టీవీ ఆపట్లేదు. ఇంటికే ట్యూషను పెట్టించాను. మొక్కులు మొక్కాను. క్షణం ఒంటరిగా వదల్లేదు. ఆ పేరు ఇంట్లో ఎత్తొద్దని అందరికీ చెప్పాను."

"ఎవరు చెప్పమన్నారు?"

"నేనే సార్."

ఆయన తలూపారు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

"నాలుగు రోజుల కింద, గొర్రెల ఆట పెడతావా అమ్మా, అని అడిగింది. పదిహేను రోజుల్లో అదే మొదటి మాట. మంచం కింద నుంచి లాగి చూస్తే డిస్కు చెడిపోయి ఉంది. వేరేది వేయించాను. అన్నీ మళ్లీ ఎక్కించాను. మీరు రాసిచ్చిన పాత ఫైలు పోయింది కదా, నేనే రాశాను. ఆట వచ్చింది. గంట రాలేదు. తెర వైపు కాసేపు చూసి, గంట లేదమ్మా, అని లేచిపోయింది. ఆ తరవాత ఆ మాట కూడా లేదు."

"ఫైలు చదువు."

సార్‌కి ఒక పద్ధతుంది. నేర్చుకునేవాళ్ల కీబోర్డు మీద ఆయన చెయ్యి వెయ్యరు. తెర వైపు కూడా చూడరు. ఫైలుని పైకి చదివించుకుని, కళ్లు మూసుకుని వింటారు. నేను పదేళ్లు పాఠం చెప్పినదాన్ని. నన్నూ అలాగే చదవమనేసరికి కొంచెం రోషం వచ్చింది. కాగితం చూడకుండా గడగడా అప్పజెప్పాను.

పాత యంత్రాల సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. వాటిలో ఆటకి ఒకటే గది. యంత్రం ఎంత పెద్దదైనా ఆ గది ఆరువందల నలభై కేబీలే. సీడీని నడిపే చిన్న ప్రోగ్రాము, మౌసుని నడిపేది, శబ్దాన్ని పలికించేది, అన్నీ ఆ గదిలోనే కూర్చుంటాయి. పైన అటక లాంటి చోటు ఇంకొకటుంది. వీటిని అటక ఎక్కిస్తే కింద ఆటకి చోటు మిగులుతుంది. ఎక్కకపోతే అవి కిందే కూర్చుంటాయి, ఆటకి చోటు చాలదు. ఏది ఎక్కడికో ఆ ఫైల్లో వరసగా రాస్తాం, యంత్రం మొదలయ్యేటప్పుడు అదే వరసలో ఎక్కిస్తుంది.

"ముందు సీడీ అటక మీదికి. తరవాత మౌసు అటక మీదికి. చివర శబ్దం అటక మీదికి," అన్నాను.

సార్ కళ్లు తెరిచారు. మళ్లీ మూసుకున్నారు.

"మరి?"

"శబ్దం ఎక్కట్లేదు సార్. కిందే కూర్చుంటోంది. అప్పుడు ఆట చోటు చాలదంటోంది. శబ్దం తీసేస్తే ఆట వస్తుంది, గంట ఉండదు. లెక్కేసి చూశాను. సీడీ, మౌసు ఎక్కాక అటక మీద ముప్ఫై కేబీ ఖాళీ ఉంది. శబ్దానికి కావాల్సింది పద్దెనిమిది. అయినా ఎక్కదు. నా ఫైల్లో తప్పు లేదు సార్. నూట ఎనభై మందికి ఇదే నేర్పాను. సౌండు కార్డు పోయుంటుంది. లేకపోతే మెమరీ చిప్పులు మార్చాలి. మీ దగ్గరేమైనా ఉంటాయేమోనని వచ్చాను."

"నీ ఫైల్లో తప్పెందుకుంటుంది," అన్నారు సార్. లేచారు. "చిప్పుల సంగతి తరవాత చూద్దాం. ఇక్కడ కారిపోతోంది. నాకొక చిన్న సాయం చేసిపెట్టు."

గోడవార కొన్ని సామాన్లున్నాయి. పుస్తకాల అట్టపెట్టెలు నాలుగు. పాడైన ప్రింటర్లు రెండు. ఒక ఇత్తడి కాగు. చివర్న, చుట్ట చుట్టి తాడు కట్టిన బూరుగుదూది పరుపు.

"ఇవన్నీ అటకెక్కాలి."

అటక ఆ గది పక్కనే, వంటింటి మీద. ముందు చిన్న గుమ్మం. బల్లేసుకుని ఎక్కాలి.

"నాకు యాభై దగ్గరపడింది సార్."

"నాకు డెబ్బై ఆరు. నువ్వే ఎక్కు."

కొంగు దోపుకుని ఎక్కాను. చేతిలో పనుంటే మంచిదేననిపించింది. ఆయన కింద నుంచి అందించారు. నేనే ఏది ముందో చెప్పాను. మళ్లీ ఎప్పుడైనా కావాల్సి వస్తాయని పుస్తకాలు ముందు. తరవాత ప్రింటర్లు. కాగు ఒక మూలకి. అన్నీ అంగుళం వృథా పోకుండా సర్దాను. సర్దడం నాకు బాగా వచ్చు.

"ఇక పరుపివ్వండి."

పరుపు ఇచ్చారు. గుమ్మంలో నుంచి సగం వచ్చి ఆగింది. పెట్టెల మీద, కప్పు కింద మూరెడు సందుంది. పరిస్తే పరుపు నాలుగు వేళ్ల మందమే. కానీ పరవాలంటే ముందు చుట్ట లోపలికి రావాలి. చుట్ట నా నడుమంత ఉంది. నెట్టాను. మోకాలితో తన్నాను. గుమ్మం బయటే విప్పి తోద్దామా అంటే అంత వెడల్పు గుమ్మంలో పట్టదు. చేతులు నొప్పెట్టాయి. బూరుగుదూది దుమ్ము కళ్లల్లో పడింది.

"చోటుంది సార్. ఎక్కట్లేదు."

ఆ మాట అన్నాక నాకే అది ఇందాక విన్న మాటలా అనిపించింది. అలసటతో పట్టించుకోలేదు.

"దింపెయ్," అన్నారు సార్.

"పరుపా?"

"అన్నీ."

పైన కూర్చునే ఆయన వైపు చూశాను. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"మా పిల్ల అన్నం తినట్లేదు సార్. నేనిక్కడ మీ అటక సర్దుతున్నాను."

"తెలుసమ్మా. దింపు."

దింపాను. ఒక్కొక్కటీ దింపాను. పుస్తకాల పెట్టె ఒకటి కావాలనే దబ్బున వదిలాను. ఆయన పట్టుకుని పక్కన పెట్టారు.

అటక ఖాళీ అయింది.

"ఇప్పుడు పరుపు."

చుట్ట లోపలికి దొర్లింది. తాడు విప్పాను. ఇన్నాళ్లూ బిగించి ఉన్నదేమో, విప్పగానే ఒక్కసారి పొంగింది. అటకంతా అదే అయింది. నేను గుమ్మానికి అంటుకుపోయాను. దాని మీద సన్నటి పువ్వుల గళీబు, ఒక పక్క నూనె మరక, తల ఆనించిన చోట.

"సార్, ఇంకేమీ పట్టవు."

"కాసేపు ఆగు."

"ఎంతసేపు?"

"అదెంతసేపంటే అంతసేపు."

ఆయన వంటింట్లోకి వెళ్లారు. కింద స్టవ్ వెలిగిన చప్పుడు వినిపించింది. టీ గ్లాసు పైకి అందించారు. తనది తను పట్టుకుని కింద బల్ల మీదే కూర్చున్నారు. నేను అటక మీద, కాళ్లు వేలాడేసుకుని. పదేళ్లు కలిసి పనిచేశాం, ఆయన చేతి టీ తాగడం అదే మొదటిసారి. అప్పట్లో టీ జమీలాబీగారు పెట్టేవారు.

"పంచదార ఎక్కువైందా?" అన్నారు.

"లేదు సార్."

"ఎక్కువే. నాకింకా అందాజు రాలేదు."

టీ అయ్యేలోపు పరుపు నెమ్మదిగా దిగింది. అంచులు లాగి పరిచాను. అటక అడుగున చాపలా ఒదిగింది. దాని మీద పెట్టెలు, ప్రింటర్లు, కాగు అన్నీ ఎక్కాయి. ఎక్కాక ఒక మనిషి కూర్చునే చోటు మిగిలింది.

బల్ల దిగి చేతులు దులుపుకున్నాను. సార్ ఇంకా పైకే చూస్తున్నారు.

"ఆవిడది," అన్నారు. "రెండేళ్లు గోడకి ఆనించి పెట్టి, దాని చుట్టూ తిరిగాను. ముందు ఇవన్నీ సర్దేస్తే, దీని సంగతి ఆఖర్న చూసుకోవచ్చనుకున్నాను."

వాన పెరిగింది. గిన్నె ఒకటి నిండితే తీసి బయట పారబోసి వచ్చారు.

"వచ్చేటప్పుడే దానికి అంత చోటు కావాలి తాయారూ. కూర్చున్నాక అక్కర్లేదు."

చేతులు కడుక్కుని వచ్చి, వైర్లు తగిలించి కంప్యూటరు ముందు కూర్చున్నాను.

"చదవమంటారా?" అన్నాను.

"నీ ఇష్టం."

చదివాను. ఈసారి కాగితం చూసి, నెమ్మదిగా. ముందు సీడీ. తరవాత మౌసు. చివర...

నోరు ఆగిపోయింది.

శబ్దాన్ని చివరే రాస్తాను. ఎప్పుడూ అంతే. మా సెంటర్లో ఎనిమిది యంత్రాలుంటే ఒక్కదానికే స్పీకర్లుండేవి. పనికొచ్చేవి ముందు రాయండి, సరదావి ఆఖర్న రాయండి అని పిల్లలకి చెప్పేదాన్ని. పలకకపోయినా పని ఆగదుగా అనేదాన్ని. నూట ఎనభై మందికి చెప్పాను. అందరూ అలాగే రాసుకున్నారు.

కూర్చున్నాక పద్దెనిమిది. ఎక్కేటప్పుడు ఎంతో నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూశాను. నలభై నాలుగు.

మూడో వరసని తీసి మొదట పెట్టాను. ఒక్క అక్షరం కొత్తగా చేర్చలేదు. ఒక్కటి తీసెయ్యలేదు. యంత్రాన్ని ఆపి మళ్లీ వేశాను.

శబ్దం అటకెక్కింది. దాని వెనక సీడీ ఎక్కింది. మౌసు ఎక్కింది. ఆట తెరుచుకుంది. చీకటి. కాపరి. లాంతరు.

ఎక్కడో దూరంగా, ఎడమ వైపు నుంచి, గంట.

ఆ ఖాళీ ఇంట్లో అది చాలాసేపు వినిపించినట్టుంది. సార్ వంటింటి గుమ్మం వైపు తిరిగారు, ఎవరో పిలిచినట్టు. తరవాత ఆయనే సర్దుకుని రేడియో దగ్గరికి తీసుకున్నారు.

నేను తెర ఆపేశాను. వైర్లు చుట్టాను. కాళ్లకి దణ్ణం పెట్టబోతే వెనక్కి జరిగారు.

"నడుం పట్టేస్తుంది, అటకెక్కి దిగావు. వెళ్లు," అన్నారు. "పిల్లని అడిగానని చెప్పు."

"తనకి మీరు తెలీదు సార్."

"నాకు తెలిసిందిగా."

ఇంటికొచ్చేసరికి మూడైంది. వాన తగ్గలేదు. వీధి గుమ్మంలోకే టీవీ చప్పుడు వినపడుతోంది. హాల్లో పిల్లలిద్దరూ క్యారమ్స్ మీద కొట్టుకుంటున్నారు. మా అత్తగారు పళ్లెంలో అన్నం కలుపుకుని సుహిత గది ముందు నిలబడి ఉన్నారు. ట్యూషను మాస్టారు ఐదింటికొస్తారని ఫోన్ చేశారట.

కంప్యూటరు సుహిత గదిలో బల్ల మీద పెట్టాను. వైర్లన్నీ తగిలించాను. తను మంచం మీద నుంచి చూస్తోంది. స్టూలు లాగి ముందు వేశాను. లేచి వచ్చి కూర్చుంది.

కుడి సగం మీద కూర్చుంది. ఎడమ సగం వదిలేసి.

మా ఆడపడుచు కొడుకు పరిగెత్తుకొచ్చాడు. "అత్తా, ఇటు నేను కూర్చుంటా! నాకు లాంతరు!"

వాణ్ని అక్కడ కూర్చోబెడదామనే నేనూ అనుకున్నాను. దారంతా ఆటోలో అదే అనుకుంటూ వచ్చాను.

"వద్దు నాన్నా. చెల్లిని తీసుకుని మేడ మీదికెళ్లు. క్యారమ్ బోర్డు కూడా."

"ఆడుకోవడానికేగా రమ్మన్నావు?"

"ఇప్పుడు కాదు."

టీవీ ఆపేశాను. ట్యూషను మాస్టారికి రావద్దని చెప్పాను. అత్తగారి చేతిలో పళ్లెం తీసుకుని మూత పెట్టాను.

"ఇదేంటమ్మాయ్," అన్నారు ఆవిడ. "పిల్ల మనసు మళ్లాలని ఇవన్నీ పెట్టించింది నువ్వేగా?"

"నేనే అత్తయ్యగారూ."

"మరి?"

"కాసేపు అటెళ్లి కూర్చోండి."

ఆవిడ నా మొహం చూసి వెళ్లిపోయారు. తలుపు దగ్గరగా వేశాను. ఇల్లు ఒక్కసారిగా పెద్దదైనట్టుంది. పందొమ్మిది రోజుల్లో అంత నిశ్శబ్దం ఇంట్లో లేదు. నాకు భయమేసింది.

సుహిత మౌసు మీద చెయ్యి పెట్టి ఉంది. ఆట మొదలుపెట్టడానికి ఒక్క మీట నొక్కాలి. అది నా వేలి కింద ఉంది.

వేలు తీసేశాను.

"ముందు బ్లెస్సీ సంగతి చెప్పు," అన్నాను.

తను తల తిప్పి నా వైపు చూసింది. అలా చూడటం నేనెప్పుడూ ఎరగను.

"ఆ పేరు నీకు గుర్తుందా?"

"ఉంది."

"వాళ్లమ్మ వస్తే గుమ్మంలోంచే పంపేశావు."

"నీకెలా తెలుసు?"

"విన్నాను. రూతాంటీ గొంతు విన్నాను. పిల్ల పడుకుంది, లేపొద్దన్నావు. నేను పడుకోలేదు."

"నిజమే."

"నా దగ్గరికే వచ్చింది. చివరిదాకా పక్కనున్నది నేనే కదా. అడగడానికొచ్చింది. ఏమైందో అడగడానికొచ్చింది. పంపేశావు!"

"పంపేశాను."

స్టూలు తన్నేసి లేచింది. అరిచింది. ఏమని అరిచిందో ఇక్కడ రాయను. గది చాల్లేదు దానికి. అత్తగారు తలుపు తోసి తొంగిచూశారు. చెయ్యి ఊపి పొమ్మన్నాను. పుస్తకాలు విసిరింది. గోడని గుద్దింది. ఆపుదామని రెండుసార్లు లేచాను. రెండుసార్లూ కూర్చున్నాను. ఇక ఈ పిల్ల నాకు మిగలదేమో అనిపించింది. ఎంతసేపో తెలీదు. కిటికీ బయట చీకటి పడుతూ వచ్చింది.

అరిచి అరిచి నేల మీదే కూర్చుంది, మంచానికి ఆనుకుని. నేనూ నేల మీదే, ఎదురుగా.

"నీళ్లలో ఏమీ కనపడలేదమ్మా," అంది. గొంతు బొంగురుపోయింది. "తను ఎటుందో తెలీలేదు. వినపడితే అటు వెళ్లేదాన్ని. ఏమీ వినపడలేదు."

ఇంకొంచెం దగ్గరికి జరిగాను.

తరవాత చెప్పడం మొదలుపెట్టింది. బస్సులో ఆ పొద్దున్న బ్లెస్సీ ఏం వేసుకుందో, ఏం తిందో, రికార్డు రాయలేదని ఎవర్ని బతిమాలిందో. మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. నవ్వి, నవ్వినందుకు మళ్లీ ఏడ్చింది. వీధి దీపాలు వెలిగేదాకా చెప్పింది.

దాహమేస్తోందంది. నీళ్లిచ్చాను. ఆకలేస్తోందంది. అత్తగారు కలిపిన అన్నం చల్లారిపోయింది. వేడిగా వండుతానంటే వద్దంది. అదే తింది. నాలుగు ముద్దలు, ఆరు ముద్దలు. పళ్లెం సగం ఖాళీ అయింది.

"ఆట పెట్టనా?"

"రేపు," అంది. "రూతాంటీ దగ్గరికెళ్లి వచ్చాక."

"నేనూ వస్తాను."

"నువ్వు గుమ్మం దగ్గరుండు. లోపలికి నేనెళ్తాను."

"సరే."

చెయ్యి కడుక్కుని వచ్చి మళ్లీ నా ఎదురుగానే కూర్చుంది. ఏదో అడగాలని ఉంది, అడగలేకపోతోంది. ఆగాను.

"అమ్మా, మిగతావాళ్లు ఎవరెవరు వచ్చారు?"

నాకు అప్పుడు తట్టింది. ఆ రోజు నుంచీ ఇంటికి పేపరు రానివ్వలేదు. తన ఫోను బీరువాలో పెట్టి తాళం వేశాను. కాలేజీ నుంచి ఎవరొచ్చినా పంపేశాను. బస్సులో ఇరవై ముగ్గురు పిల్లలు. తనకి ఒక్కళ్ల సంగతే తెలుసు.

పందొమ్మిది రోజులు ఈ పిల్ల ఈ గదిలో ఆ మిగతా ఇరవై ఒక్కమందినీ ఏమనుకుంటూ కూర్చుందో.

ఆ పొద్దున్న కాలవ గట్టు మీద నేనున్నాను. బురదలో మోకాళ్ల మీద కూర్చుని, పైకి తెచ్చిన ప్రతి తలనీ లెక్కపెట్టాను. ఆ వరస నాకు కంఠతా.

చెయ్యి చాపాను. తను నా వేళ్లు చూస్తోంది.

"ముందు డోరు దగ్గర కూర్చునే నాగదుర్గ. వచ్చింది. ఒకటి. రేష్మా. చెయ్యి విరిగింది, కట్టు కట్టారు. వచ్చింది. రెండు. పూజిత. మూడు. దీవెన, కరుణ. అక్కచెల్లెళ్లిద్దరూ వచ్చారు. ఐదు."

"కరుణకి ఈత రాదు," అంది సుహిత.

"రాదు. కిటికీ ఊచ పట్టుకుని ఉంది. వచ్చింది."

రెండో చెయ్యి చాపాను. షబానా. మోనిక. కళ్లజోడు పోయి ఎవరినీ గుర్తుపట్టలేక ఏడ్చిన జయశ్రీ. వెనక సీటులో నిద్రపోతున్న తేజస్విని, అసలేమైందో తెలియకుండానే వచ్చిన పిల్ల. ఒక్కొక్క పేరుకీ తను తలూపింది. కొన్ని పేర్లు రెండోసారి చెప్పించుకుంది. ప్రతిసారీ వచ్చింది, వచ్చింది అంటూ వేలు మడిచాను. పది అయ్యాయి. విప్పి మళ్లీ మొదలుపెట్టాను. ఇరవై అయ్యాయి.

"డ్రైవరు పక్క సీటులో వీణ. ఇరవై ఒకటి."

ఇంకొక్క వేలు మడవాల్సి ఉంది. తను దాని వైపే చూస్తోంది.

"నువ్వు," అన్నాను. "వచ్చావు. ఇరవై రెండు."